మే 15న ధవళేశ్వరంలో

గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర జయంతి కాలువలు కట్టేసిన రోజుల్లో వస్తుంది. మా కోనసీమలో దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక నీళ్లు ఆపేస్తారు. ఆ నెలలో కాలువ అడుగున మట్టి నెర్రెలిచ్చి ఉంటుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడుతుంటారు.

ఈసారి నాన్నగారు ధవళేశ్వరం వెళ్దామన్నారు. తెల్లారకుండానే రావులపాలెంలో బయల్దేరి, ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక చేరి బ్యారేజీ ఎక్కాం. నదిని లంకలు చీల్చిన చోట నాలుగు ముక్కలుగా కట్టిన కట్టడమిది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం కలిపి 175 గేట్లు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1982లో పూర్తయింది. దొర కట్టించిన ఆనకట్ట 1847లో మొదలై 1852కి లేచింది.

విగ్రహం దగ్గర అప్పటికే దండలు పడ్డాయి. ఒక పెద్దాయన చెప్పులు దూరంగా విడిచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని మరీ దణ్ణం పెట్టాడు. మా అమ్మమ్మ ఇంట్లో దేవుడి పటాల వరసలో దొర పటం ఉండేది. చిన్నప్పుడు వింతగా అనిపించేది గానీ, అక్కడి కాటన్ మ్యూజియం చూశాక అనిపించలేదు.

1833 కరువు, 1839 ఉప్పెన ఈ నేలను ఊడ్చేశాయి. పక్కన ఇంత గోదావరి పారుతుండగా జనం తిండిలేక పోయారు! కాటన్‌ను కదిలించింది అదే. కానీ ఇక్కడ ఏటి అడుగున రాయి లేదు, అంతా ఇసుక. ఇసుక మీద గోడ ఎలా నిలబడుతుంది? కావేరి మీద చోళులు కట్టిన కల్లణై ఆనకట్ట ఆయనకు దారి చూపింది. ఇసుకలోకి బావులు దించి, వాటి మీద గోడ లేపి, దిగువన నీటి దెబ్బకు ఇసుక కోసుకుపోకుండా బండరాళ్లు పరిచారు. ఆ రాయి ధవళేశ్వరం కొండదే. దాన్ని మోయడానికి పట్టాలు వేశారు. బొంబాయిలో 1853లో జనాన్ని ఎక్కించుకుని రైలు కదిలేనాటికే ఇక్కడి పట్టాలు రాళ్లు మోసేశాయి. నాకు ఆ రోజు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.

దొర వెంట నిలబడి పని నడిపించిన వీణం వీరన్న మన తెలుగువాడే. ఆయన పేరు మా తరంలో ఎందరికి తెలుసు? రాళ్లెత్తిన వేలమంది కూలీల పేర్లయితే అసలే లేవు. జయంతి నాడు వాళ్లకూ ఒక దండ వేయాలి.

తిరుగు దారిలో బొబ్బర్లంక దగ్గర లాకుల మీద గేట్లకు గ్రీజు పూస్తున్నారు. నాన్నగారు బండి ఆపించారు.

"నీళ్లెప్పుడు వదుల్తారండీ?"

"జూన్ మొదట్లో అంటున్నారండి."

నాన్నగారు అక్కడే ఫోన్ తీసి బాబాయికి చేశారు. "ఒరేయ్, సార్వా పంటకి ఆకుమడి దున్నించెయ్."