కొంగ ఫ్రిజ్ మీదే ఉంది, కప్ప మాత్రం గెంతింది: సెలవుల్లో కాగితం ఆటల డైరీ

మే 4, ఆదివారం

అక్క పిల్లలిద్దరూ సెలవులకి భీమవరం వచ్చారు. పెద్దాడికి 11, చిన్నాడికి 9. మా అమ్మాయికి 6. పిల్లలు ముగ్గురు, ఫోను ఒకటి. గొడవకి ఇంకేం కావాలి?

కాగితాలు మడిచే పిచ్చి నాకు నాలుగేళ్లుగా ఉంది. ఇదే సమయం అనుకుని నలుచదరపు కాగితంతో కొంగని చేసి చూపించాను. ముగ్గురూ "బావుంది" అన్నారు. కాసేపయ్యాక చిన్నాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీంతో ఏం ఆడాలి మావయ్యా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. కొంగ ఫ్రిజ్ ఎక్కింది.

అందుకే ఈ నెలకి ఒక లెక్క పెట్టుకున్నాను. నేను చెప్పకుండా మర్నాడు వాళ్లంతట వాళ్లే తీసి ఆడితేనే అది ఆట. లేకపోతే షోకేసు సరుకే.

మే 6

గెంతే కప్ప. దీనికి నలుచదరం అక్కర్లేదు. ఏ4 కాగితాన్ని అడ్డంగా మూడు సమాన ముక్కలు చేస్తే ఒక్కోటి 9.9 × 21 సెం.మీ. వస్తుంది. ఒక కాగితానికి మూడు కప్పలు, ముగ్గురికీ సరి.

ముక్కని నిలువుగా పెట్టుకుని, పై కుడి మూలని ఎడమ అంచుకి ఆనేలా మడిచి విప్పాలి. ఎడమ మూలని కుడి అంచుకి అలాగే. ఇంటూ గుర్తు పడుతుంది. ఆ గుర్తు మధ్యలోంచి వెనక్కి ఒక అడ్డ మడత వేసి విప్పి, రెండు పక్కల్నీ లోపలికి నొక్కితే పైభాగం ఇంటి కప్పులా త్రికోణమై కూర్చుంటుంది. పెద్దాడు ఇక్కడే మూడుసార్లు తప్పాడు. కప్పు సరిగ్గా కుదిరితేనే కప్ప! ఆ త్రికోణం రెండు కొసలూ పైకి మడిస్తే ముందు కాళ్లు. వాటి కిందుగా పక్క అంచులు మధ్యగీత దాకా మడవాలి. చివరికి కింది భాగాన్ని పైకి మడిచి, అందులో సగాన్ని మళ్లీ కిందికి మడవాలి. స్ప్రింగు అంటే అదే.

అన్ని మడతలూ గోరుతో గట్టిగా గీయాలి, ఆఖరి రెండూ తప్ప. వాటిని కూడా గీసేస్తే కప్ప గెంతదు, చతికిలబడుతుంది. నాలుగేళ్ల అనుభవం ఉన్న నేనే మొదటి కప్పని అలా పాడుచేశాను.

మే 7

పొద్దున్నే నేలమీద టకటక. నేనేం చెప్పలేదు, వాళ్లే మొదలుపెట్టారు. కప్ప పాసైంది.

ఇవాళంతా కాగితాల పరీక్ష. రూళ్ల నోటు పుస్తకం కాగితంతో చేసిన కప్ప ఒక గెంతుకి 15 సెం.మీ. కూడా దాటలేదు, సాయంత్రానికి నడుం పడిపోయింది. పేపరుతోపాటు వచ్చే కాలేజీల కరపత్రాలు ఇంట్లో బోలెడు. నున్నటి కాగితం కాబట్టి మడతలు పదునుగా పడతాయి గానీ కాళ్లు టైల్స్ మీద జారిపోతాయి. పైగా కప్ప వీపు మీద ఎవరిదో ర్యాంకు, ఎవరిదో ఫొటో. పాత శుభలేఖ మరీ మందం, పక్కలు మడిచేసరికి అట్టముక్కయింది. గెలిచింది పెద్దాడి పాత సైన్స్ రికార్డులో మిగిలిన షీట్లు. మంచి గెంతు 40 సెం.మీ. దాకా వచ్చింది.

ఆట కూడా వాళ్లే కట్టారు. మా టైల్స్ రెండడుగులవి. వాటి మీద చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, బిళ్లకి బదులు కప్ప. గీత మీద పడితే అవుట్, వెల్లకిలా పడితే ఇంకో ఛాన్సు. మా అమ్మాయి కప్పని వెనకనుంచి వేలితో తోసేస్తోంది. ఆరేళ్లది కదా అని అందరం చూడనట్టే ఊరుకుంటున్నాం.

మే 11, ఆదివారం

నాలుగు వేళ్లు దూర్చి తెరిచి మూసే నోరు. అంకె చెప్పు, రంగు చెప్పు అంటూ ఆడేది. అందరికీ తెలిసిందే కాబట్టి మడతలు రాయను. ఏ4 నుంచి 21 సెం.మీ. నలుచదరం తీసుకున్నాను, మిగిలిన 21 × 8.7 ముక్కలు చెప్పుల డబ్బాలో దాచాను. ఆరేళ్ల వేళ్లకి 21 నుంచి చేసిన నోరు కాస్త పెద్దదే. 15 సెం.మీ. ముక్క సరిగ్గా సరిపోయింది.

పైన రంగుల పేర్లు తెలుగులోనే రాయించాను. ఎరుపు మూడక్షరాలు, పసుపు మూడు, నీలం రెండు, ఆకుపచ్చ నాలుగు. ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు తెరవాలి. లోపల ఎనిమిది గళ్లలో జాతకాలు. రెండు గంటల తర్వాత పెద్దాడు చెల్లి జాతకాన్ని కాదు, ఆటనే పట్టుకున్నాడు. "మావయ్యా, నీలం అన్నా ఆకుపచ్చ అన్నా ఒకే వైపు తెరుచుకుంటోంది!" నిజమే. నిలువుకి నాలుగు గళ్లు కనిపిస్తాయి, అడ్డానికి మిగతా నాలుగు. అక్షరాలు బేసైతే ఒక వైపు, సరైతే రెండో వైపు. మొదట ఎటు తెరవాలో నోరు పట్టుకున్నవాళ్ల ఇష్టం. అంటే జాతకం వాళ్ల చేతిలోనే ఉంది.

ఈ గుట్టు తెలిశాక వాడు ఐస్‌క్రీములన్నీ ఒక వైపు, గిన్నెలు తోమడాలన్నీ రెండో వైపు రాసుకున్నాడు. మా అమ్మాయి వరసగా ఐదుసార్లు గిన్నెలు తోమాల్సి వచ్చి ఏడ్చింది. ఆ నోరు చించేశాం. లెక్కలు బోధపడ్డాయి గానీ ఆటగా రెండోరోజు బతకలేదు.

మే 18, ఆదివారం

జపాన్ పిల్లల ఆట ఒకటుంది. కాగితపు సుమో వస్తాదులిద్దర్ని అట్టపెట్టె మీద నిలబెట్టి, పెట్టెని వేళ్లతో కొడుతూ ఉంటారు. ఆ కుదుపుకి పడినవాడో, గిరి దాటినవాడో ఓడినట్టు. టోన్‌టోన్ జుమో అంటారు. నేను వస్తాదులు గీద్దామని కూర్చున్నాను. భీమవరంలో ఆ మాట ఎవరు వింటారు? పది నిమిషాల్లో అది కోడిపందెం అయిపోయింది.

రికార్డు షీటులో 8 × 7 సెం.మీ. ముక్క తీసుకుని నిలువుగా సగానికి మడవాలి. మడత వైపు ముక్కు, రొమ్ము వచ్చేలా కోడి బొమ్మ గీసి రెండు పొరలూ కలిపి కత్తిరించాలి. విప్పితే రెండు పక్కలూ రెక్కల్లా నిలబడతాయి. పుస్తకం సగం తెరిచినంత తెరవాలి. మరీ తెరిస్తే కదలదు, తక్కువైతే మొదటి దెబ్బకే పడుతుంది. అడుగు అంచుని మధ్యలో కాస్త గుండ్రంగా కోసేస్తే కాళ్లు మాత్రమే ఆనతాయి, కోడి చకచకా కదులుతుంది. బరి పూతరేకుల డబ్బా మూత, బోర్లించి 15 సెం.మీ. గిరి గీశాం. ఒక్క వేలే వాడాలి. ఊదకూడదు, కోడిని తాకకూడదు.

అన్నిటికన్నా కష్టమైన రూలు: ఫ్యాను ఆపాలి. మే నెలలో! అందుకని పందెం మూడు నిమిషాలే, తర్వాత పది నిమిషాలు ఫ్యాను కింద విశ్రాంతి.

నాన్నగారు కుర్చీలోంచి లేచొచ్చారు. "ఎర్రరంగేసి కాకి అంటావేంట్రా? ఎర్రది డేగ. నల్లది కాకి, తెల్లది సేతువ" అని రంగులన్నీ సరిదిద్దారు. చింతపిక్కలు పందెం కాశారు. అమ్మ వంటింట్లోంచి "పిల్లలకి పందేలు నేర్పుతున్నారా!" అని కేకేసింది. ఆవిడ సేతువ మీద ఆరు పిక్కలు కాసిందని తర్వాత తెలిసింది.

 

మే 25, ఆదివారం

కోడిపందెం వారమంతా రోజూ ఆడుతున్నారు, ఇప్పటికి మొదటి స్థానం దానిదే. చెప్పుల డబ్బాలో 8.7 సెం.మీ. ముక్కలు పేరుకున్నాయి. ఇలాంటి మిగులు ముక్కల నుంచే 1939లో ఒక బొమ్మ పుట్టింది. ఇంగ్లండ్ నుంచి అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చదువుకి వచ్చిన ఆర్థర్ స్టోన్ దగ్గరున్న ఫైలు కన్నా అమెరికా కాగితం వెడల్పు ఎక్కువ. అంచులు కత్తిరించి, ఆ పీలికల్ని ఊరికే మడుస్తూ ఆరుపలకల బొమ్మ కనిపెట్టాడు. మధ్యలోంచి విప్పితే కొత్త ముఖం బయటపడుతుంది. పేరు ఫ్లెక్సాగన్. దాని లెక్క తేల్చిన అతని స్నేహితుల్లో రిచర్డ్ ఫైన్‌మన్ ఒకడు. ఆయనకి 1965లో ఇంకో ఇద్దరితో కలిపి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

8.7ని మూడు చేస్తే 2.9 సెం.మీ. పీలికలు. 21 సెం.మీ. పొడవులో పది సమబాహు త్రికోణాలు పడతాయి. పీలికని వరసగా త్రికోణాలుగా ముందుకీ వెనక్కీ మడిచి విప్పి, మూడో త్రికోణం దగ్గర ఒక మడత, ఆరో దాని దగ్గర ఇంకోటి వేస్తే పదోది మొదటిదాని మీదకి వస్తుంది. జిగురు అక్కడే. ఫెవికాల్ ఎక్కువేసి మొదటి రెండూ పూర్తిగా అంటుకుపోయాయి, ఒక చుక్క చాలు. కానీ అంత చిన్న బొమ్మ నా వేళ్లకి లొంగలేదు. ఏ4 పొడవునే 4.5 సెం.మీ. పీలిక తీసి మళ్లీ చేస్తే హాయిగా తిరిగింది.

పిల్లలు మూడు ముఖాలకీ రంగులేసి పావుగంట తిప్పి వదిలేశారు. కొంగ పక్కన చోటు చూడాలేమో అనుకున్నాను.

మే 27

చిన్నాడు తెలుపు బొమ్మ తీసుకుని మూడు ముఖాల మీద రాయి, కాగితం, కత్తెర గీశాడు. ఎవరి బొమ్మ వాళ్లు వీపు వెనక పెట్టుకుని ఎన్నిసార్లైనా తిప్పి, ఒకటి రెండు మూడు అనగానే ముందుకి చాపాలి. ముఖాలు ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి, కాబట్టి లెక్క మర్చిపోకపోతే కావలసింది చూపించొచ్చు. అన్నదమ్ములిద్దరూ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నారు. మా అమ్మాయి లెక్కా గిక్కా లేకుండా గిరగిరా తిప్పి చాపుతోంది. ఇవాళ్టి స్కోరు: పెద్దాడు 9, చిన్నాడు 11, అది 14.