డిప్రెషన్‌కి మందులు వాడుతున్నానని పెళ్ళివారికి చెప్పాను

బెంగళూరులో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ణి నిమ్హాన్స్‌లో చేర్పించాలి" అనేస్తారు. హైదరాబాదు వాళ్ళకి ఎర్రగడ్డ, చెన్నై వాళ్ళకి కీల్పాక్, ఇక్కడి వాళ్ళకి నిమ్హాన్స్, మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి. నేను పనిచేసే అకౌంట్స్ సెక్షన్‌లో ఈ మాట తరచూ వినపడేది. అక్కడికే నేను వైద్యానికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, హోసూరు రోడ్డు మీద ఆ గేటు ముందు బస్సు దిగడానికి ఎంత ధైర్యం కావాలో తెలిసింది.

మాది మదనపల్లె. ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి మారతహళ్ళిలో ఒక పీజీలో ఉంటున్నాను. డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడం అనుకునేదాన్ని. నాకు ఏడుపు రాలేదు. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేసేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. తిన్నది రుచి తెలిసేది కాదు. తలస్నానం చేయాలంటే అదొక పెద్ద పనిలా ఉండేది. జీఎస్టీ రిటర్న్‌లో ఒకే అంకెను పదే పదే చూసుకున్నా నమ్మకం కుదిరేది కాదు. ఆదివారాలు కె.ఆర్.పురంలో ఉండే పిన్ని ఇంటికి వెళ్ళేదాన్ని, అదీ మానేశాను. ఫోన్ చేస్తే "పని ఎక్కువగా ఉంది పిన్నీ" అనేదాన్ని. వినే వాళ్ళకి అది ఎప్పుడూ నమ్మదగ్గ మాటే.

ముందు దగ్గర్లోని మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన థైరాయిడ్, బీ12, రక్తహీనత పరీక్షలు రాశారు. థైరాయిడ్ తగ్గినా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయి కాబట్టి అది చూడకుండా ముందుకు పోకూడదన్నారు. రిపోర్టులన్నీ నార్మల్‌గా వచ్చాయి. అప్పుడాయన "సైకియాట్రిస్ట్‌ని కలవండి" అన్నారు. థైరాయిడ్ ఉందని తేలుంటే బాగుండునని ఆ రోజు మనస్ఫూర్తిగా కోరుకున్నాను. థైరాయిడ్ మాత్రను ఆఫీసు డెస్క్ మీద పెట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ తర్వాత ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలి అమ్మాయి నా మాట చివరిదాకా విని, ఇది ఫోన్‌లో తేలేది కాదు, డాక్టర్‌ని నేరుగా చూడాలి అని చెప్పింది. మన భాషలో ఒకరికి మొత్తం చెప్పడం అదే మొదటిసారి. మర్నాడు పిన్నికి ఫోన్ చేయగలిగానంటే దానివల్లే.

నిమ్హాన్స్‌కి పొద్దున్నే వెళ్ళి పేరు రాయించుకున్నాం. అక్కడి క్యూ చూసి నా భయం సగం తగ్గింది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎంతమందో! కన్నడతో సమానంగా తెలుగు వినిపిస్తూనే ఉంది. టిఫిన్ డబ్బాలు తెచ్చుకున్న ఆడవాళ్ళు, కాలేజీ బ్యాగు తగిలించుకున్న పిల్లలు, పంచె కట్టిన రైతులు. మా ఊరి బస్టాండులో కనిపించే మనుషులే వాళ్ళంతా.

లోపల ఒక యువ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "మీతో ఇంట్లోవాళ్ళు ఎవరైనా వచ్చారా?" ఇది చాలామందికి తెలియదు. రోగి చెప్పేది ఒకటైతే, పక్కనుండి చూసినవాళ్ళు చెప్పేది ఇంకొకటి. వాళ్ళకి రెండూ కావాలి. దాచిపెట్టి వైద్యం చేయించుకోవాలనుకునే వాళ్ళకి అక్కడే కాళ్ళు ఆగిపోతాయి. నాకు పిన్ని ఉంది, లేనివాళ్ళ సంగతి ఏమిటని ఇప్పటికీ అనిపిస్తుంది. (ఎవరూ లేకపోయినా చూస్తారు, ఒంటరిగా వెళ్ళడానికి వెనకాడకండి.)

నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి చాలాసేపు అడిగారు. నిద్ర, ఆకలి, బరువు, పని, స్నేహితులు. బతకడం దండగ అనిపిస్తోందా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా సూటిగా, గొంతు మార్చకుండా అడిగారు. అప్పుడప్పుడూ వస్తోందని చెప్పాను. ఆ మాట బయటికొచ్చాక గుండెల మీంచి బరువు దిగింది. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళు భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని డాక్టర్ చెప్పారు. నా విషయంలో అయితే, ఎవరో ఒకరు అడగాలనే నేను ఎదురుచూస్తున్నాను.

తర్వాత పిన్నిని పిలిచారు. "మీ కుటుంబంలో ఎవరికైనా ఇలా వచ్చిందా?" అని అడిగితే పిన్ని నా వైపు చూసి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత చెప్పింది. మా తమ్ముడు పుట్టాక అమ్మ కొన్ని నెలలు గోడ వైపు తిరిగి పడుకుందట. బిడ్డను ఎత్తుకునేది కాదట. గాలి సోకిందని బోయకొండ గంగమ్మ దగ్గరికి తీసుకెళ్ళి తీర్థం తాగించారట. నాన్న తరపు వాళ్ళకి తెలియకుండా అమ్మమ్మ ఆమెను పుట్టింట్లోనే ఉంచుకుందట. "అక్క దానంతటదే లేచింది సార్. ఎట్లా లేచిందో మాకూ తెలీదు," అంది పిన్ని. అప్పుడు నేను చిన్నపిల్లని. నాకేమీ గుర్తులేదు. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ ఒక్క ముక్క కూడా అనలేదు. డాక్టర్ అది ఫైల్లో రాసుకున్నారు. బయటికొచ్చాక పిన్ని నా చెయ్యి పట్టుకుని "మీ అమ్మకి నేను చెప్పినట్టు చెప్పొద్దు పాపా" అంది.

అమ్మకి నా సంగతి చెప్పినప్పుడు ఆమె మొదట అన్నది "ఎవరికీ చెప్పబాక, సంబంధాలు చూస్తా ఉండాం". పిన్ని మాట విని ఉండకపోతే ఆ మాటకి నేను విరిగిపోయేదాన్ని. ఆమె దగ్గర ఉన్న మందు అదొక్కటే. దాచడం. ఆమెను కాపాడింది అదేనని ఆమె నమ్మకం.

డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ రాశారు. మొదట్లో కడుపులో వికారం, కాస్త కంగారు ఉండొచ్చు, గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మధ్యలో మానేయొద్దు అన్నారు. అలాగే జరిగింది. ముందు నిద్ర కుదిరింది, తర్వాత ఆకలి. మనసు అన్నిటికంటే చివర్లో తేరుకుంది. "ఇవి నిద్రమాత్రలు, అలవాటు పడిపోతావు" అని పిన్ని ఇంట్లో అందరూ అన్నారు. ఈ మందుకి మత్తు లేదు, ఇంకా ఇంకా కావాలనిపించదు. అయితే ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చిరాకు వస్తాయి. అందుకే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తారు. బాగైపోయింది కదా అని ఆపడానికి లేదు. మొదటిసారి వచ్చినవాళ్ళు కూడా కోలుకున్నాక కనీసం ఆరు నెలలు వాడాలంటారు.

మందు కంటే దాన్ని దాచడమే ఎక్కువ కష్టపెట్టింది. మాత్రల స్ట్రిప్‌ని విటమిన్ డబ్బాలో పెట్టుకున్నాను. పీజీ పక్కనున్న మెడికల్ షాపు నడిపేది తెలుగాయన, మా పీజీ ఆంటీకి బాగా తెలిసినవాడు. అందుకని రెండు స్టాపులు దాటి వేరే షాపుకి వెళ్ళేదాన్ని. ఊరికి వెళ్తే అందరూ పడుకున్నాక వేసుకునేదాన్ని. బంధువులకి పిన్ని "నరాల డాక్టర్‌కి చూపిస్తా ఉండాం" అని చెప్పింది. నిమ్హాన్స్‌లో నరాల జబ్బులకీ వైద్యం ఉంది కాబట్టి అందరూ నమ్మేశారు. ఆఫీసులో సెలవుకి సర్టిఫికెట్ పెట్టాలి. అందులో జబ్బు పేరు రాయకపోయినా పైన ఆసుపత్రి పేరు ఉంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం ఆ చట్టం ఇచ్చిన హక్కు. కానీ లెటర్‌హెడ్ చూసిన గుమాస్తా నోటికి చట్టం ఏం తాళం వేస్తుంది? నేను జీతం నష్టమని తెలిసీ ఆ సెలవులు వదులుకున్నాను. చాలామంది ఇలాంటి చోటే వైద్యం ఆపేస్తారని నా నమ్మకం. మందు పనిచేయక కాదు, దాన్ని దాచే ఓపిక అయిపోయి. 2015-16లో నిమ్హాన్స్ వాళ్ళు జరిపిన జాతీయ సర్వేలో డిప్రెషన్, ఆందోళన వంటి మామూలు మానసిక సమస్యలున్న నూరుమందిలో ఎనభై మందికి పైగా చికిత్స అందట్లేదని తేలింది. దూరం, డబ్బు, డాక్టర్ల కొరత, అన్నీ కారణాలే. ఈ దాపరికం కూడా అందులో ఉంది.

మా ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది, వందేళ్ళకు పూర్వం టీబీ ఆసుపత్రిగా మొదలైంది. మా తాత అందులో పనిచేశాడు. ఒకప్పుడు టీబీ వచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళ కంట పడకుండా ముందు స్టాపులోనే దిగి నడిచి వచ్చేవాళ్ళని, ఆ ఇంటి పిల్లకి పెళ్ళి కావడం కష్టమయ్యేదని చెప్పేవాడు. డిప్రెషన్ మందుల చరిత్ర చదివితే మళ్ళీ టీబీయే ఎదురైంది. 1952లో న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రిలో టీబీ రోగులకి ఇప్రోనియాజిడ్ అనే మందు ఇస్తే వాళ్ళలో హుషారు రావడం గమనించారు. డిప్రెషన్‌కి వాడిన తొలి మందుల్లో అదొకటి అయింది. ఈ సంగతి మా నాన్నకి చెప్పాను. ఆయన తాత కొడుకు కదా, టీబీ ఇళ్ళని జనం ఎలా చూశారో కళ్ళారా చూసినవాడు. "సరే, మందు మానొద్దు" అన్నాడు. ఇంట్లో నాకు మొదట దొరికిన మద్దతు ఆ మాటే.

కొంతకాలానికి ఒక సంబంధం కుదిరేలా వచ్చింది. కుప్పం వైపు వాళ్ళు, అబ్బాయికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. జాతకాలు చూసుకున్నారు, రెండు వైపులా నచ్చింది. చెప్పాలా వద్దా అని నేను చాలా మథనపడ్డాను. పెళ్ళయ్యాక కూడా విటమిన్ డబ్బాలో మాత్రలు దాచుకుంటూ బతకడం నావల్ల కాదనిపించింది. అబ్బాయికే ఫోన్ చేసి చెప్పాను. అతను మర్యాదగానే విన్నాడు. ఎన్నాళ్ళు వాడాలి, పిల్లలకి వస్తుందా అని అడిగాడు. తెలిసినంత చెప్పాను. వారం తిరక్కుండా వాళ్ళ పెద్దవాళ్ళు, వేరే పంతులు జాతకాలు కలవలేదన్నాడని కబురు చేశారు.

అమ్మ నాతో చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. నాకూ బాధగానే ఉండింది, కానీ నిద్ర చెడలేదు, అన్నం మానలేదు. ఆ మాట డాక్టర్‌తో అంటే, బాధకీ జబ్బుకీ తేడా అక్కడే ఉందన్నారు. పోయిన పండక్కి ఊరెళ్ళినప్పుడు అమ్మ వంటింట్లో నా పక్కన కూర్చుని, "మళ్ళా ఎవరికన్నా చెప్పేదుంటే నువ్వొక్కదానివే చెప్పబాక. నన్నూ పక్కన కూర్చోబెట్టుకో" అంది. ఇక దాచమని అనలేదు. ఎందుకు మారిందో నేను అడగలేదు.

ఇప్పుడు డోసు తగ్గిస్తున్నారు. వచ్చే రివ్యూకి పిన్నికి బదులు తనే మదనపల్లె నుంచి వస్తానంటోంది అమ్మ. డాక్టర్‌ని అడగాల్సింది ఒకటి ఉందట. కాన్పు తర్వాత తల్లికొచ్చింది కూతురికీ వస్తుందా, వస్తే ముందే ఏం చూసుకోవాలి అని.