ఈవీఎస్ చదువు, కొల్లేరు నీళ్లు: నా అనుభవం

బీకాం మొదటి సంవత్సరంలో మాకు పర్యావరణ అధ్యయనం తప్పనిసరి పాఠ్యాంశం. కాలేజీలో అందరూ దాన్ని ఈవీఎస్ అనేవారు. గైడు కొనుక్కుని పరీక్ష ముందు రాత్రి చదివితే గట్టెక్కవచ్చని సీనియర్లు చెప్పేవారు. అయితే ఆ పాఠ్యాంశం మా దాకా రావడం వెనుక పెద్ద న్యాయపోరాటమే ఉందని మేడమ్ మొదటి తరగతిలోనే వివరించారు. పర్యావరణ న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో పర్యావరణాన్ని విద్యార్థులకు తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది, అమలు సరిగా లేకపోవడంతో 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. డిగ్రీ విద్యార్థుల కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తయారుచేసిన ఆరు నెలల ప్రణాళికలో 100 మార్కులకు 25 మార్కులు క్షేత్ర పరిశీలనకే కేటాయించారు. నా దృష్టిలో ఈ కోర్సుకు ప్రాణం ఆ 25 మార్కులే.

ఆవరణ వ్యవస్థలు, జీవవైవిధ్యం, కాలుష్యం, చట్టాలు అనే అధ్యాయాలు వేగంగానే సాగిపోయాయి. క్షేత్ర పరిశీలనకు మా బృందం కొల్లేరును ఎంచుకుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి కలుస్తాయి, నిండిన నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి చేరుతుంది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, అంటే ఐదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు కూడా వచ్చింది. సరస్సు గర్భంలో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగగొట్టించిన సంగతి మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కొల్లేరు పక్షుల కేంద్రమైన ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను చూడడం సంతోషంగానే ఉంది కానీ, నాకు ఎక్కువ నేర్పింది మాత్రం నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతో తేల్చే పరీక్ష. చేపల చెరువులో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గాలి బుడగ చేరకుండా గాజు మూత సీసాల్లో నీళ్లు పట్టాం. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షార అయోడైడు ద్రావణం కలిపి, మూత బిగించి తలకిందులు చేశాం. ఆక్సిజన్ ఎక్కువున్న మధ్యాహ్నపు సీసాలో ముదురు గోధుమ రంగు మడ్డి పేరుకుంది, తెల్లవారుజాము సీసాలో అది బాగా పాలిపోయి ఉంది. కాలేజీ ల్యాబులో ఆమ్లం పోసి మడ్డిని కరిగించి, పిండి ద్రావణం చుక్కలతో నీలంగా మారిన నీటిలోకి బ్యూరెట్టు నుంచి థయోసల్ఫేటు వదులుతూ, నీలం విరిగిపోయే చుక్క కోసం కళ్లార్పకుండా చూశాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ లెక్క ఆ చుక్క దగ్గర తేలుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే చేపలు బాగా పెరుగుతాయని పుస్తకంలో చదివాం. మా తెల్లవారుజాము నీటిలో అంత లేదు.

ఇలా ఎందుకని చెరువు రైతును అడిగాను. ‘‘పగలు ఎండకి నాచు గాలి వదులుతుందమ్మా, రాత్రి అదీ పీల్చుకుంటుంది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, అప్పుడు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేస్తాం’’ అన్నాడు. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ అని మేము వల్లెవేసిందే ఆయన తన కష్టంలోంచి చెప్పాడు. మేత ఎక్కువై, ఎరువులు ఎక్కువై నాచు పెరిగిన కొద్దీ ఈ ఊగిసలాట పెరుగుతుందని, ఆ చెరువుల నీటిని కాలువలోకి వదిలినప్పుడు భారం సరస్సు మీద పడుతుందని నివేదికలో రాశాం.

ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదని, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని సుప్రీంకోర్టు 1996లో బియాస్ నది కేసులో చెప్పింది. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల విషయంలో 2006లో అదే సూత్రాన్ని మళ్లీ వినిపించింది. కొల్లేరును చూశాక ఆ తీర్పుల బరువు నాకు తెలిసింది.

మౌఖిక పరీక్షలో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ చేసిన తీర్మానంపై నా అభిప్రాయం అడిగారు. కుదిస్తే ఐదో కాంటూరు దాకా పరుచుకునే వరద నీటికి చోటు తగ్గి ఆ ముంపు చుట్టుపక్కల పొలాల మీద, ఊళ్ల మీద పడుతుందని, కాబట్టి కుదించకూడదని చెప్పాను. అలాగే అభయారణ్యం పరిధిలో జిరాయితీ (సొంత భూమి) పట్టాలున్న కుటుంబాలకు న్యాయమైన పరిహారం ఇవ్వకుండా సరస్సును కాపాడతామనడం కూడా అన్యాయమేనని అన్నాను. పరిహారం దేని ఆధారంగా లెక్కగట్టాలని పరీక్షకుడు మళ్లీ అడిగారు. భూమి ధరతో పాటు ఆ కుటుంబం ఏటా కోల్పోయే ఆదాయాన్నీ కలపాలని చెప్పి, మేము సేకరించిన కౌలు లెక్కల పేజీ తీసి ఆయన ముందుంచాను.