పైపు కాడ చిన్నాయిన

టీవీ కొనడం ఒక ఎత్తు, అందులో బొమ్మ రప్పించడం ఇంకో ఎత్తు. 1988 దసరాకు మా నాయిన హైదరాబాద్ కోఠిలో 14 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. యాంటెన్నా కడ్డీలు విడిగా కట్టకట్టి ఇచ్చారు. బిగించడానికి మనిషిని పంపుతామన్న షాపువాళ్ళు ఎవర్నీ పంపలేదు. పని మా చిన్నాయిన మీద పడింది. బాయికాడి మోటారు విప్పి బిగించేటోడు కాబట్టి ఇదీ వస్తుందని ఇంట్లో అందరి నమ్మకం.

మా ఊరు భువనగిరి గుట్టకు తూర్పున ఉంటుంది. సిగ్నల్ హైదరాబాద్ దిక్కు నుంచి రావాలి, నడుమ గుట్ట అడ్డం. ఇల్లేమో గూన పెంకులది. ఎక్కితే పెంకులు పగులుతాయని తాత ఒప్పుకోలేదు. అందుకని పొడుగు ఇనుప పైపు ఒకటి తెచ్చి, దొడ్డిగోడ పక్కన పాతి, వసారా దూలానికి క్లాంపు కొట్టి నిలబెట్టారు. క్లాంపు మరీ బిగించకూడదు, పైపు తిరగాలి. మరీ వదులైతే గాలికి అదే తిరుగుతుంది. ఆ మధ్యరకం బిగువు దొరకడానికి చాలా రోజులు పట్టింది.

యాంటెన్నాలో పొట్టి కడ్డీలు స్టేషన్ వైపు ఉండాలి, అన్నిటికన్నా పొడుగుది వెనక. ఆ సంగతి తెలిసిన కరెంటు పనాయన ఒకాయన పక్కూరి నుంచి వచ్చి చెప్పాడు. ఆ తర్వాత మొదలైంది అసలు పని. చిన్నాయిన చేతిలో పైపు పానా. టీవీ ముందు మా అక్క. తలుపు దగ్గర నేను, అక్క చెప్పింది దొడ్లోకి వినబడేట్టు అరవడానికి.

"వొచ్చిందా?"

"వొచ్చింది... పోయింది! జర ఎనకకు తిప్పు!"

"ఎనకకంటే ఎటే? గుడి దిక్కా, బాయి దిక్కా?"

పడమటికి సూటిగా పెడితే బొమ్మ నిండా చుక్కలు. కొంచెం ఉత్తరానికి తిప్పితే బొమ్మ శుభ్రంగా వచ్చేది గానీ ఒక్కో మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా కనబడేవాడు. గుట్టకు తగిలి వచ్చే సిగ్నల్ కాస్త ఆలస్యంగా చేరుతుంది, అదీ కారణం. మాకు అప్పుడు ఇదంతా తెలియదు. మహాభారతం సీరియల్లో కౌరవులు నూరుగురైతే మా ఇంట్లో రెండు నూర్లు, అంతే. చుక్కల కన్నా నీడలే నయమని ఇంట్లో తీర్మానమైంది. ఒకసారి బొమ్మ కుదిరాక చిన్నాయిన పైపు మీద సుద్దముక్కతో గీత పెట్టేవాడు. వాన పడితే గీత పోయేది. కోతులు ఎక్కి కడ్డీలు వంచితే గీత ఉన్నా లాభం లేకపోయేది. యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు కోతుల గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

శుక్రవారం సినిమా పాటల చిత్రలహరికి, రాత్రి తెలుగు వార్తలకు ఇంత హడావుడి ఉండేది కాదు. శాంతిస్వరూప్ గారు నీడతో కనబడినా గొంతు వినబడితే చాలు. ఆదివారం పొద్దున మహాభారతానికే టెన్షన్. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. ఉన్నా, బాయికాడ నాలుగు మోటార్లు ఆన్ చేస్తే బొమ్మ నాలుగు పక్కలా ముడుచుకుపోయేది. అందుకని చిన్నాయిన శనివారం రాత్రే పెదనాయిన ట్రాక్టర్ బ్యాటరీ విప్పి తెచ్చిపెట్టేవాడు. టీవీ వెనక 12 వోల్టుల సాకెట్ ఉండేది. ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్లది మైనస్‌కు. ఆ రెండు క్లిప్పులు ఇంకెవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. బ్యాటరీ డౌన్ అయితే సోమవారం ట్రాక్టర్ స్టార్ట్ కాదు. పెదనాయిన తిట్లు తిట్టేవాడు, ఆదివారం టీవీ చూసిన మగోళ్ళంతా వచ్చి నెట్టేవాళ్ళు. ఎవరూ పిలవకుండానే వచ్చేవాళ్ళు, అది మాత్రం నిజం.

టీవీని అరుగు మీద పెట్టేవాళ్ళు. లోపల ఉక్కపోత, అందరూ పట్టరు అని చెప్పేది తాత. ఊరంతా ఇంట్లోకి రాకుండా ఉండటానికి అని నాకు పెద్దయ్యాక అర్థమైంది. మా వాకిట్లో గోనెసంచుల మీద కూర్చునేవాళ్ళు వేరు, ప్రహరీ బయట నిలబడి చూసేవాళ్ళు వేరు. ఎవరెక్కడో ఎవరూ చెప్పనక్కర్లేదు. టీవీ ముందు హారతులు పట్టారని చాలామంది రాస్తారు, మా ఇంట్లో ఆ ముచ్చట లేదు. పొద్దటి ఎండ తెర మీద పడకుండా గొంగడి ఒకటి అడ్డం కట్టేవాళ్ళు. గొర్రె ఉన్ని వాసన, బ్యాటరీ దగ్గర ఆసిడ్ వాసన, ఇవే నాకు మహాభారతం వాసనలు.

హిందీ మాలో ఎవరికీ రాదు. తాత నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు, కాబట్టి తర్జుమా ఆయనది. ఆయన ఒక మాట చెప్పేలోపు అక్కడ మూడు మాటలు అయిపోయేవి. నాయనమ్మ ఊరుకునేది కాదు. చిందు భాగవతం చూసి చూసి కథంతా ఆమెకు నోటికొచ్చు. "ఇగ ఇప్పుడు వీడు చస్తడు సూడు" అని ముందే చెప్పేసేది. వాళ్ళిద్దరికీ అక్కడే కొట్లాట. ఆ డైలాగులు రాసింది ఉర్దూ రచయిత రాహీ మాసూమ్ రజా అని తెలిసే నాటికి తాత లేడు. ఉంటే ఎంత సంబరపడేవాడో.

ఇంతమందిలో చూడనిది చిన్నాయిన ఒక్కడే. బొమ్మ కుదిరిందని వచ్చి కూర్చుంటే గాలి లేచేది, లేదా కాకి వచ్చి కడ్డీ మీద వాలేది. "అరేయ్, పైపు!" అని ఎవరో ఒకరు అరవడం, ఆయన లేచి పోవడం. చివరికి దొడ్లోనే నులకమంచం వేసుకున్నాడు. 1990 జూన్ 24న ఆఖరి భాగం వచ్చింది. దుక్కులు దున్నే రోజులు, ట్రాక్టర్ తీరిగ్గా లేదు, బ్యాటరీ ఇవ్వనని పెదనాయిన తెగేసి చెప్పాడు. ఆ రోజు అదృష్టంకొద్దీ కరెంటు పోలేదు గానీ గాలి బాగా లేచింది, చిన్నాయిన ఎప్పట్లాగే దొడ్లో.

2020 లాక్‌డౌన్‌లో డీడీ భారతిలో మహాభారతం మళ్ళీ వేశారు. ఇప్పుడు చిన్నాయినకు ఇంట్లో డిష్ ఉంది, కలర్ టీవీ ఉంది. రోజూ ఫోన్ చేసి కథ చెప్పేవాడు, ఎవరికీ తెలియని సంగతి చెప్తున్నట్టు. ద్రోణుడు పడిపోయిన నాడు అడిగాను, అప్పుడు చూసినదానికీ ఇప్పుడు చూసినదానికీ ఏమన్నా తేడా ఉందా అని.

"అప్పుడేం జూసిన్నురా? మీరు 'ఆగాగు, గట్లనే పట్టుకో' అంటుంటే పైపు పట్టుకొని నిలవడ్డ" అన్నాడు. "గా ద్రోణుడు సచ్చిండని నాకు మీ నాయనమ్మ చెప్పింది, సచ్చిన తెల్లారి."