వంతెన అవతలి భాష

ఫ్రాంక్‌ఫర్ట్ అంటే అందరికీ పెద్ద ఎయిర్‌పోర్టు ఉన్న ఊరే గుర్తొస్తుంది. నేనుండేది అది కాదు. బెర్లిన్ నుంచి రైల్లో గంట దూరంలో, ఓడర్ నది ఒడ్డున, పోలాండ్‌ని ఆనుకుని ఇంకో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది. ఇక్కడి వియాద్రినా యూనివర్సిటీలో యూరోపియన్ స్టడీస్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. 1506లో మొదలై, 1811లో బ్రెస్లౌకి (ఇప్పుడు పోలాండ్‌లో ఉన్న వ్రోత్స్వాఫ్) తరలిపోయి, బెర్లిన్ గోడ కూలాక 1991లో మళ్లీ పుట్టిన యూనివర్సిటీ ఇది.

క్యాంపస్ నుంచి నడుచుకుంటూ వంతెన దాటితే స్లూబిత్సె, అంటే పోలాండ్. 1945 దాకా అది ఈ ఊళ్లోదే, ఒక పేట. యుద్ధం అయ్యాక నదే సరిహద్దయింది, అటువైపు జర్మన్లని పంపించేశారు, ఆ ఇళ్లలోకి వచ్చిన పోలిష్ కుటుంబాల్లో చాలామంది, సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన తూర్పు జిల్లాల్లో తమ ఇల్లూ పొలం వదులుకుని వచ్చినవాళ్లు. 2004లో పోలాండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 డిసెంబరు 21న ఈ వంతెన మీద పాస్‌పోర్టు అడగడం మానేశారు. 2023 అక్టోబరులో జర్మనీ మళ్లీ తనిఖీలు పెట్టింది, 2025 జూలైలో పోలాండ్ కూడా పెట్టింది. పోలీసుల్ని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

మొదటి సెమిస్టర్లో నన్ను పట్టేసిన విషయం ఒకటుంది. 1958లో, ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి ముందు రూపమైన యూరోపియన్ ఆర్థిక సమాజం చేసిన ఒకటో నంబరు రెగ్యులేషన్ సుంకాల గురించి కాదు, ఏయే భాషల్లో పని చెయ్యాలో చెప్పేది. అప్పుడు డచ్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, మొత్తం నాలుగు. ఇప్పుడు 24. భాష కోసం రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం కదా మనం, అది చదివాక ఆ రోజు ఇంకేం చదవబుద్ధి కాలేదు.

కానీ కాగితం మీద 24 భాషలూ సమానమే అయినా, వంతెన మీద నాకు కనిపించేది వేరు. స్లూబిత్సెలో కొట్లోకి వెళ్తే జర్మన్లోనే పలకరిస్తారు. ఇటువైపు మాత్రం ఏళ్ల తరబడి ఉండి, వారం వారం అటు వెళ్లి సరుకులు తెచ్చుకుంటూ, పోలిష్‌లో థాంక్స్ కూడా చెప్పనివాళ్లు చాలామంది తెలుసు నాకు. ఇది నాకు నచ్చదు. మాది ఇచ్ఛాపురం. బరంపురం బజారుకి వెళ్తే అమ్మమ్మ "కేతే?" అని ఒడియాలోనే బేరం మొదలుపెట్టేది, అక్కడి కొట్టువాళ్లు ఆమెతో తెలుగులో మాట్లాడేవాళ్లు. పొరుగు భాష రావడమంటే మా ఇంట్లో అంత మామూలు సంగతి.

అందుకే పోలిష్ తీసుకున్నాను. కష్టమని అందరూ భయపెట్టారు గానీ, తెలుగువాళ్లకి ఒక సుఖం ఉంది. మనం చాపలో చ ఒకలా, చీమలో చ ఇంకోలా పలుకుతాం, జడకీ జీడికీ కూడా అంతే తేడా. పోలిష్‌లోనూ ఇంచుమించు ఆ తేడాలే. క్లాసులో జర్మన్ పిల్లలు డబ్బుకి పోలిష్‌లో ఉన్న మాట, "పియెన్యొంజె", దగ్గర తంటాలు పడుతుంటే నాకు మాత్రం అది జడలో జ లాగే వచ్చేసింది. ఇక విభక్తులు సంబోధనతో కలిపి ఏడు, చిన్నప్పుడు డు-ము-వు-లు వల్లించినవాళ్లకి మరీ కొత్తేం కాదు.

జూన్‌లో స్లూబిత్సె బజార్లో స్ట్రాబెర్రీలు అమ్మే పెద్దావిడ దగ్గరికెళ్లి, "కిలో త్రుస్కాఫ్‌కి" అన్నాను. ఆవిడ తూకం వేస్తూనే, తలెత్తకుండా, "కిలో త్రుస్కావెక్" అంది. కిలో తర్వాత షష్ఠీ విభక్తి రావాలి, నేను ప్రథమలో వదిలేశాను. మళ్లీ అన్నాను. తలూపి, నాలుగు కాయలు ఎక్కువ వేసి, సంచీ నా చేతికిచ్చింది. జర్మన్లో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాతి శనివారానికి చెర్రీలు వచ్చాయని తెలిసింది, చెరెష్నియె అంటారు. కిలో పక్కన అది చెరెష్ని అవుతుందని వంతెన దాటేలోపే చూసి పెట్టుకున్నాను.