దెయ్యాన్ని తీసేశాను

రాత్రి రెండింటిదాకా కూర్చుని నవలలో దెయ్యం మొదటిసారి కనిపించే సీన్ నాలుగోసారి రాశాను. తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు... చదివితే నాకే నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా వీధిలో తలుపులన్నిటి మీదా 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. నాకు భయం వేసింది ఆ వచ్చేదాన్ని చూసి కాదు (చూసినవాళ్లెవరు లెండి), రోజూ దీపాలవేళ చెరిగిపోయిన అక్షరాన్ని సుద్దముక్కతో మళ్లీ దిద్దే మా అమ్మమ్మ చెయ్యి వణకడం చూసి. అందుకే దెయ్యాన్ని మొత్తానికి తీసేశాను. ఇప్పుడు సీన్‌లో ఉన్నదల్లా ఒక తలుపు, గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయిన కొత్తకోడలు, బయటి నుంచి మొగుడి గొంతుతో పిలుపు. ఆ మొగుడేమో లోపల మంచం మీద గురక పెడుతున్నాడు. పాపం, ఆ పిల్లకి ఇంకా పేరు కూడా పెట్టలేదు.