బోరింగు కాడ లెక్క

ఆదివారం, హన్మకొండ

పొద్దుట్నుంచి అట్టలు కోసుడే సరిపోయింది. తాడ్వాయి దిక్కు గుత్తికోయ గూడేలకు వెళ్లే వలంటీర్లకు, తగాదాలు తీర్చడం మీద రేపు శిక్షణ. అందులో ఆడించే ఆటకే ఈ అట్టలు: 15 సెంటీమీటర్ల చదరాలు 5, ఒక్కోటి మూడు ముక్కలు. 15 ముక్కలూ కలిపేసి, మూడేసి చొప్పున 5 కవర్లలో పెట్టాలి. ఐదుగురు కూర్చుంటారు. మాట లేదు, సైగ లేదు. పక్కవాళ్ల ముక్క తీసుకోకూడదు, తమది ఇవ్వొచ్చు. చివరికి ఒక్కొక్కరి ముందు ఒక్కో చదరం రావాలి.

కొన్ని ముక్కలు అచ్చం ఒకే కొలతకు కోయడంలోనే ఉంది కిటుకు. తప్పుగా జోడించినా వాటితో ఒక చదరం తయారవుతుంది. అది కట్టినాయన తన పని అయిపోయిందని చేతులు కట్టుకుంటాడు, మిగతావాళ్లవి ఎంతసేపటికీ కుదరవు. ఆయన తన చదరం తానే విప్పాలి. అప్పటిదాకా ఆట నడిపేవాళ్లు నోరు మెదపకూడదు. జాలిపడి చెప్పేశారా, ఆట అక్కడికి ఖతం. కత్తెరతో కోస్తే అంచులు వంకరపోయి ముక్కలు ఇమడవు, అప్పుడు తప్పు మనిషిదో అట్టదో తేలదు. స్కేలు పెట్టి బ్లేడుతోనే కోయాలి.

కెన్యాలోని కకుమా, దదాబ్ శరణార్థి శిబిరాల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1990ల చివర్లో శాంతి విద్య మొదలుపెట్టింది. బడి పిల్లలకు వారానికో పీరియడ్, పెద్దలకు వర్క్‌షాప్‌లు. వినడం, కోపాన్ని పట్టుకోవడం, ముందే ఏర్పడ్డ అభిప్రాయాలను గుర్తుపట్టడం ముందొస్తాయి. మధ్యవర్తిత్వం, సయోధ్య చివరికి. మన దగ్గర తలకిందులు: మొదటి రోజే రెండు వర్గాలను ఒక టెంటు కింద కూర్చోబెట్టి చేతులు కలిపించి ఫోటో తీస్తారు. (చాయ్ మాత్రం బాగుంటుంది.) కెన్యాలో అంత నేర్పినా 2014లో కకుమాలో దక్షిణ సూడాన్ తెగలు డింకా, నువేర్‌లు కొట్టుకున్నారు. అంతకుముందు ఏడాది డిసెంబరులో వాళ్ల దేశంలో రేగిన యుద్ధం శిబిరంలోకీ వచ్చింది. పాఠాలతో యుద్ధాలాగవు, ఈ మాట రేపు ముందే చెప్పేయాలి.

ఇక్కడి గుత్తికోయలను శరణార్థులు అనడం కూడా సరికాదు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు దేశ సరిహద్దు దాటలేదు. నిర్వాసితులనాలి. అక్కడ ఎస్టీలు, ఇక్కడ ఆ కాగితం రాదు. పోడు లొల్లి సగం అక్కణ్నుంచే పుడుతుంది.

మధ్యాహ్నమంతా అభ్యాసం కోసం అల్లిన బోరింగు తగాదా మీద పోయింది. ఊళ్లో 40 ఇళ్లు, పక్క గూడెంలో 20, చేతిపంపు ఒక్కటే. అత్యవసర సాయంలో వాడే స్ఫియర్ కొలతల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, 500 మందికి ఒక చేతిపంపు, పంపు నిమిషానికి 17 లీటర్లు పోయాలి. ఆ లెక్కన 60 ఇళ్లకు నీళ్లు చాలాలి. మరి కొట్లాట ఎందుకు? అందరికీ పొద్దున 6 నుంచి 8 లోపే కావాలి, తర్వాత కూలికి పోవాలి. 20 లీటర్ల బిందెకు 70 సెకన్లు, అంటే రెండు గంటల్లో వంద చిల్లర బిందెలు. ఇంటికి రెండు చొప్పున 120 కావాలి. ఎండాకాలం ధార సగమైతే 50 బిందెలే. వెనక నిలబడ్డవాళ్లకు కోపం వస్తుంది, ఎదుటివాళ్ల యాస వినిపిస్తుంది, "వచ్చినోళ్లు మన నీళ్లు గుంజుకుంటున్నరు" అన్నమాట పుడుతుంది. పంచాయితీలో కూర్చునేముందు బిందె, గడియారం పట్టుకొని ఒక పొద్దున పంపు దగ్గర నిలబడాలి.

కూర్చున్నాక వరస ఇది: ముందు ఒకరు అడ్డు లేకుండా చెప్పాలి. అది ఎదుటివారు తమ మాటల్లో తిరిగి చెప్పి, "ఇంతేనా?" అని అడగాలి. అవునన్నాకే వాళ్ల వంతు. రాజీ కాగితంలో "కలిసిమెలిసి ఉంటాం" అని రాస్తే పనికిరాదు. ఏ ఇళ్లకు ఏ గంట, పంపు వాషరు పాడైతే డబ్బులు ఎవరివి, పదిహేను రోజులకు మళ్లీ ఏ చెట్టు కింద కూర్చోవాలి, అవి రాయాలి. మళ్లీ కూర్చునే తేదీనే అందరూ మరిచిపోతారు.

దుబాసీలు ఇద్దరుండాలి, చెరో పక్క నుంచి ఒకరు. ఒక్కరే అయితే ఆ మనిషి తనవాళ్ల తిట్లను మెత్తగా, అవతలివాళ్లవి ఘాటుగా తెలుగులోకి మారుస్తాడు, తెలియకుండానే. మాకు ఇప్పటికి దొరికింది ఒక్కరే. రెండో ఆయన ఉండే గూడెంలో సిగ్నల్ లేదు, పొద్దున ఏటూరునాగారం బస్సులో ఎవరితోనైనా కబురు పంపాలి.